జాకబ్ వజ్రం మన కొల్లూరుదా, దక్షిణాఫ్రికాదా?

నమస్కారమండీ. మా ఇంట్లో మూడు రోజులుగా ఒకటే గొడవ, కాస్త తీర్చి పుణ్యం కట్టుకోండి.

2006లో సాలార్ జంగ్ మ్యూజియంలో నిజాం నగలు పెట్టినప్పుడు నాన్న నన్ను తీసుకెళ్లారు. నాకు బాగా గుర్తున్నవి ఏడు పేటల ముత్యాల హారం, అదే సత్లడ, ఇంకా జాకబ్ వజ్రం. 184 క్యారెట్ల పైచిలుకు. నిజం చెప్పొద్దూ, నాకు పటికబెల్లం ముక్కలా కనిపించింది! ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీని బేరంలో ఇరుక్కుని, 1891లో కలకత్తా హైకోర్టు కేసు దాకా వెళ్లాక విసిగిపోయారట. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి అది పాత జోడు ముందు భాగంలో దొరికిందనీ, ఆయన పేపర్ వెయిట్‌గా వాడుకున్నారనీ అంటారు. 1995లో మొత్తం 173 నగలను కేంద్రం సుమారు 218 కోట్లకు కొంది.

ఇక గొడవ. మా పెదనాన్నది గుంటూరు. "కోహినూర్‌లాగే ఇదీ మన కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదేరా" అని ఒకటే పట్టు. నేను చదివినవన్నీ దక్షిణాఫ్రికా గని అంటున్నాయి. రాయిని పరీక్షించి ఏ గనిదో చెప్పగలరా, లేక పాత అమ్మకపు కాగితాలే ఆధారమా? 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియం ప్రదర్శన చూసినవాళ్లుంటే, పక్కన బోర్డు మీద ఏం రాశారో చెప్పండి. ఆయన నా మాట వినరు, బోర్డు మాటైతే వింటారు.