ఆటిజం ఉన్న పిల్లలకు ‘కళ్లలోకి చూసి మాట్లాడు’ అని నేర్పాలా?

మాటతీరు:
ఇంటర్ పిల్లల థెరపీ ఫైళ్లలో కూడా ‘5 సెకన్లు కళ్లలోకి చూడాలి’ అన్న లక్ష్యం ఇంకా కనిపిస్తోంది. అది కొట్టేయాలంటాను. వీళ్లలో చాలామందికి ముఖం చూడటం ఒక పని, మాట వినడం ఇంకో పని. చూపు మీద ధ్యాస పెడితే విన్నది సగం జారిపోతుంది. అయినా మన ఇళ్లలో తాతయ్య తిడుతుంటే కళ్లెత్తి చూసినవాడిని పొగరుబోతంటాం కదా!

క్యాంపస్ శిక్షకురాలు:
ఇంట్లో సరేనండీ. ఇంటర్వ్యూలో నేలచూపులు చూస్తే ‘కాన్ఫిడెన్స్ లేదు’ అని రాసేస్తారు. అన్యాయమే, కానీ ఉద్యోగం పోయేది పిల్లవాడికి. కళ్లు అక్కర్లేదు, కనుబొమల మధ్య చూస్తే చాలు, బల్లకు అవతలివాళ్లకు తేడా తెలీదు. ప్రశ్న వచ్చినప్పుడు ఒకసారి, జవాబు ముగించేటప్పుడు ఒకసారి. మధ్యలో చూపు నోట్‌బుక్ మీద ఉంచి, ప్రశ్నలోని ముఖ్యమైన మాట రాసుకోవాలి. అప్పుడు తల దించినా ఎవరూ తప్పు పట్టరు.

సూటిమాట:
నోట్‌బుక్ ఉపాయం బాగుంది. కానీ మార్పంతా ఒకవైపు నుంచేనా? తానూ ఆటిస్టిక్ అయిన బ్రిటన్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లోనే అన్నాడు, ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య అపార్థం రెండువైపులా పుడుతుందని. 2020లో క్రాంప్టన్ అనే పరిశోధకురాలి బృందం 8 మంది చొప్పున గొలుసులు కట్టి ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించింది. అందరూ ఆటిస్టిక్ అయిన గొలుసులో కథ మిగతావాళ్ల గొలుసులో ఉన్నంత బాగానే నిలిచింది. రెండు రకాలవాళ్లనూ కలిపిన గొలుసులోనే ఎక్కువ వివరాలు పోయాయి.

క్యాంపస్ శిక్షకురాలు:
అదే బృందం ఇంకా ఎక్కువమందితో చేసి 2025లో ప్రచురించిన ఫలితాల్లో ఆ తేడా కనిపించలేదు. అదీ చెప్పండి.

మాటతీరు:
నిజమే, ఆ ఒక్క ప్రయోగం మీద వాదన నిలబెట్టక్కర్లేదు. రోజంతా మాస్కింగ్ చేస్తే, అంటే తన ఆటిజం తీరు దాచుకుని అందరిలా నటిస్తే, ఏమవుతుందో చూడండి: కాలేజీలో బుద్ధిమంతుడు, ఇంటికొచ్చాక నోట మాట రాదు, మిక్సీ మోతకే మెల్ట్‌డౌన్ (తట్టుకోలేక అదుపు తప్పిపోవడం). అందుకే మీ చిట్కా ఆ అరగంట ఇంటర్వ్యూకే, అదీ వాడు కావాలంటేనే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి, చెప్పుకోవడానికి ఇష్టపడితే ప్రశ్నలు కాగితం మీద ఇమ్మని ముందే అడగొచ్చు.

థెరపీలో మిగిలే సమయం రెండు మాటలకు పెట్టండి. ఒకటి: ‘పక్కకి చూస్తున్నా గానీ వింటున్నానండీ.’ రెండోది ఇంకా ముఖ్యం. స్నేహితుడు ‘చూద్దాంలే రా’ అంటే వీడు ఒప్పుకున్నాడనుకుని శనివారమంతా ఎదురుచూస్తాడు. ‘వస్తున్నావా, రావట్లేదా? ఏదైనా పర్లేదు, చెప్పు’ అని అక్కడికక్కడే అడగడం నేర్పాలి. సూటిగా జవాబివ్వడం ఆ స్నేహితుడికీ నేర్పాలి.