రెండు షేర్డ్ లైబ్రరీల్లో ఒకే పేరుతో ఫంక్షన్ ఉంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది చిత్తూరు. ఇక్కడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వేబ్రిడ్జికి లైనక్స్ మీద సీ భాషలో ప్రోగ్రామ్ రాస్తున్నాం, లారీ ఎక్కితే బరువు చదివి చీటీ ప్రింట్ చేయాలి, అంతే. బరువు చదివే లైబ్రరీ మాది. ప్రింటర్‌ది మాత్రం అమ్మినవాళ్లు ఇచ్చారు, సోర్స్ లేదు, ఉత్త డాట్ ఎస్ఓ ఫైలే (కంపైల్ చేసేసిన షేర్డ్ లైబ్రరీ).

రెండింట్లోనూ పోర్ట్_ఓపెన్ అనే ఫంక్షన్ ఉంది. లింక్ చేసేటప్పుడు ఎర్రర్ కాదు కదా వార్నింగ్ కూడా రాదు, తీరా రన్ చేస్తే ప్రింటర్ లైబ్రరీ తనది అనుకుని మాదాన్ని పిలుస్తుంది, వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రామ్ కూలిపోతుంది. లింక్ ఆర్డర్ మారిస్తే ప్రింటర్ బాగానే ఉంటుంది, మా కాటా లైబ్రరీ పడిపోతుంది. రన్ అయ్యేటప్పుడు లైబ్రరీల్ని కలిపే డైనమిక్ లింకర్ వరసలో ముందు కనిపించినదాన్నే అందరికీ అంటగడుతుంది కదా, పేర్లను విడివిడిగా ఉంచే నేమ్‌స్పేస్‌లు సీలో లేకపోయె.

మా పేర్లకు కాటా_ అని ప్రిఫిక్స్ తగిలించి, లోపలివి స్టాటిక్ చేసి (ఆ ఫైలుకే పరిమితం), మిగతావి హిడెన్ విజిబిలిటీతో లైబ్రరీ బయటికి కనపడకుండా దాచేస్తాం, అది సులువే. టెన్షనల్లా వాళ్ల లైబ్రరీతోనే: ఇనిట్, లాగ్_రైట్ లాంటి పేర్లన్నీ బయటికి వదిలేశారు (ఇలా ఎవరైనా అమ్ముతారా అసలు!), రేపు నంబర్ ప్లేట్ కెమెరా లైబ్రరీ వస్తే మళ్లీ ఇదే గొడవ.

వాళ్ల లైబ్రరీని రన్ అయ్యేటప్పుడు డీఎల్‌ఓపెన్‌తో లోడ్ చేసి, ఆర్‌టీఎల్‌డీ_లోకల్‌తో (దాని పేర్లు మిగతావాటికి కనపడవు) పాటు డీప్‌బైండ్ (ముందు తన పేర్లే వెతుక్కుంటుంది) కూడా పెడితే సరిపోతుందా? డీప్‌బైండ్ ఉంటే మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ ఒప్పుకోదు, మాకు టెస్టింగ్‌కి అది కావాలి. లేక ప్రింటింగ్‌ని వేరే ప్రాసెస్‌లోకి తోసేయడమే మేలా? నిజంగా ఫ్యాక్టరీల్లో నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, తోతాపురి సీజన్ దగ్గర పడుతోంది.