నుదుటి మూలలు వెనక్కి పోతున్నాయి: ఏ క్రాఫు నప్పుతుంది?

విశాలఫాలం అడిగారు:

వయసు 31. నుదుటి రెండు మూలలూ లోపలికి పోయి ఇంగ్లీషు ఎం అక్షరంలా తయారైంది. ఎడమకన్నా కుడి మూల ఒక వేలి మందం ఎక్కువ లోతు. నార్వుడ్ స్కేలు (మగవాళ్ళ బట్టతలని స్టేజీలుగా చూపే పట్టిక) బొమ్మలతో పోల్చి చూస్తే మూడో స్టేజీకి దగ్గర. నడినెత్తి మీద మాత్రం ఇంకా ఒత్తుగానే ఉంది. జుట్టు తిన్ననిది, మొహం కాస్త పొడుగు. ఆఫీసుకి రోజూ బండి మీదే, కాబట్టి హెల్మెట్ తప్పదు.

ఇప్పటిదాకా ముందు జుట్టు నాలుగంగుళాలు పెంచి కుడి పక్కకి దువ్వుతున్నాను. గాలి వీస్తే అంతే సంగతులు. సెలూన్‌కి వెళ్లి "మూలలు కనపడకుండా చెయ్యండి" అంటే ప్రతివాళ్ళూ ఒక్కో రకంగా కోస్తున్నారు. ఏ క్రాఫు అడగాలి, ఏ మాటల్లో అడగాలి? "ఫేడ్ (పక్కలు కిందికి పోయేకొద్దీ పొట్టిగా) కొట్టించుకో" లాంటి ఒక్క ముక్క కాకుండా కొలతలతో చెప్పగలరా?

కత్తెరసాము:

ముందు ఆ నాలుగంగుళాలు తీయించేయండి. మూలల్ని దాస్తుందనుకుంటున్న ఆ పొడుగే వాటిని పట్టిస్తోంది. పొడుగు జుట్టు తన బరువుకి తానే కిందికి వాలి, నాలుగైదు వెంట్రుకలు ఒక పాయగా అంటుకుంటుంది. పాయకీ పాయకీ మధ్య చర్మం బయటపడుతుంది. పొట్టి జుట్టు అలా వాలదు, దేనికది నిలబడుతుంది. అవే వెంట్రుకలు, అంతే లెక్క, కానీ ఒత్తుగా కనిపిస్తాయి.

ఇంకోటి, పక్కలు. మూలలు బోసిపోయి కనపడటానికి సగం కారణం చెవుల పైన జుట్టు దట్టంగా, నల్లగా ఉండటమే. కన్ను చూసేది నుదురు ఎంతుందని కాదు, పక్కన ఉన్నదానికీ దీనికీ తేడా ఎంతని. పక్కలు తగ్గిస్తే ఆ తేడా తగ్గుతుంది.

మీకు సరిపోయేది ముందుకి దువ్వే టెక్స్చర్డ్ క్రాప్, అంటే పక్కలు పొట్టిగా, పైన ఎగుడుదిగుడుగా కోసే క్రాఫు. పక్కలు చెవి దగ్గర 3 మి.మీ.తో మొదలై, కొంచెం పైన 6, తల గుండ్రం తిరిగే చోటికి 10. అంతకంటే పైకి మెషీన్ ఎక్కకూడదు. మీది పొడుగు మొహం కదా, కణతల దాకా చర్మం కనిపించేలా పక్కలు లేపేస్తే మొహం ఇంకో అంగుళం పెరిగినట్టు ఉంటుంది. పైన అంతా కత్తెరే: నడినెత్తి మీద 2.5 సెం.మీ., ముందుకి వచ్చేసరికి 3.5.

చాలామంది వదిలేసేది ఇక్కడే. మూలకి సరిగ్గా వెనకాల ఉన్న పట్టీని మిగతా ముందు జుట్టుకన్నా అర సెంటీమీటరు పొడుగు ఉంచాలి. మూల మీదకి రావాల్సిన జుట్టు అదే, దూరం ఎక్కువ నడవాలి. మీ కుడి మూల వెనక అయితే 4.5 దాకా ఉంచమనండి. మొత్తం ఒకే పొడుగు కోస్తే మధ్య కుచ్చు నుదుటి మీదకి చక్కగా వస్తుంది, మూలలు మాత్రం ఖాళీగా మిగులుతాయి. అప్పుడు ఎం ఇంకా స్పష్టంగా కనపడుతుంది.

ముందు అంచుని స్కేలు పెట్టినట్టు అడ్డంగా కోయొద్దు. కత్తెర మొనని నిలువుగా పట్టి చిన్న చిన్న గాట్లు పెడితే అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది. అసలు గీత ఎక్కడుందో తెలియదు. జుట్టు నుదుటి మీద ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దిగితే చాలు, కనుబొమల దాకా అక్కర్లేదు.

సెలూన్‌లో చెప్పాల్సిన మాటలు ఇవి: "పక్కలు కింద మూడు, మధ్యలో ఆరు, పైన పది మిల్లీమీటర్లు. పైన మెషీన్ వద్దు. ముందు జుట్టుకి థిన్నింగ్ కత్తెర పెట్టొద్దు. నుదుటి దగ్గర బ్లేడు పెట్టొద్దు."

మిల్లీమీటర్లు అని నొక్కి చెప్పమనడానికి కారణం ఉంది. క్లిప్పర్ మెషీన్‌కి తగిలించే దువ్వెనల్లాంటి గార్డుల మీద నంబర్లుంటాయి: 1 అంటే 3 మి.మీ., 2 అంటే 6, 3 అంటే 10, 4 అంటే 13. చాలా ట్రిమ్మర్ల దువ్వెనల మీద మాత్రం నేరుగా మిల్లీమీటర్లే ఉంటాయి. మీరు "మూడు పెట్టండి" అంటే ఒక షాపులో 10 మి.మీ. మిగులుతుంది, పక్క షాపులో 3 మి.మీ. మిగులుతుంది. ప్రతివాళ్ళూ ఒక్కో రకంగా కోయడానికి సగం కారణం ఇదే అయ్యుండొచ్చు.

థిన్నింగ్ కత్తెర సంగతి: మనం "టెక్స్చర్" అనగానే సెలూన్‌వాళ్ళ చేతికి ముందు అందేది అదే. దాని పళ్ళ మధ్య పడ్డ వెంట్రుకలు పొట్టిగా తెగిపోతాయి. ఒత్తు జుట్టుకి ఫరవాలేదు. పలచబడుతున్న ముందు భాగంలో పెడితే ఉన్న కాసిన్ని కూడా పోతాయి. సరిచేయాలంటే రెండు నెలలు పెరగనివ్వడం తప్ప దారి లేదు.

ఇక బ్లేడు. చివర్లో నీళ్ళు చల్లి, నుదుటి మూలలు "లైనింగ్" అంటూ గీసేస్తారు. ఆ మూలల్లో ఉండే సన్నటి నూగే గీత పదునుని మెత్తబరుస్తుంది. దాన్ని గీస్తే మూల కత్తితో కోసినట్టు కనపడుతుంది, నాలుగో రోజుకి గీతకి ముందు ముళ్ళలా మొలుస్తుంది. పైగా ప్రతిసారీ "కొంచెం సమం చేద్దాం" అంటూ గీత ఒక్కో మిల్లీమీటరు వెనక్కి జరుగుతుంది. మెడ వెనక బ్లేడు పెట్టనివ్వండి, నుదుటి దగ్గర మాత్రం వద్దు.

పాపిటదారి:

పై సలహాతో గొడవ లేదు కానీ, ముందుకి దువ్వే క్రాఫు అందరి ఆఫీసులకీ, అందరి వయసులకీ అతకదు. పక్క పాపిట కూడా మూడో స్టేజీలో పనిచేస్తుంది, సరైన చోట తీస్తే.

మీకు ఎడమ మూల లోతు తక్కువ. పాపిట ఆ మూల లోపలి కొస నుంచే మొదలవ్వాలి. చూసేవాళ్ళకి అది ఖాళీలా కాకుండా పాపిట మొదలైన చోటులా కనిపిస్తుంది. జుట్టు ఎడమ నుంచి కుడికి పోతూ లోతైన కుడి మూల మీద వాలుతుంది. పైన 5 నుంచి 6 సెం.మీ. ఉండాలి, పక్కలు దువ్వెన మీద కత్తెరతో 10 నుంచి 13 మి.మీ. పాపిటని చెవి వైపు దించారో, ఇక అది బట్టతల మీదకి లాగి దువ్వినట్టే కనపడుతుంది, ఎవరు చూసినా పట్టేస్తారు. ఎడమ కనుబొమ చివర నుంచి పైకి ఒక గీత ఊహించుకోండి. పాపిట ఆ గీత దాటి బయటికి పోకూడదు.

సుడి కూడా చూసుకోండి. గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగితే జుట్టు సహజంగా ఎడమ నుంచి కుడికి వాలుతుంది, అంటే మీకు కావలసిన వైపే. తిరగబడి ఉంటే పాపిట సాయంత్రానికి చెదిరిపోతుంది. తెలుసుకోవడం తేలిక: జుట్టు తడిపి మొత్తం వెనక్కి దువ్వి, అరచేత్తో నెత్తిని కొంచెం ముందుకి నెట్టండి. ఎక్కడ విడిపోతే అదే మీ అసలు పాపిట.

కత్తెరసాము:

పాపిట గురించి చెప్పినది కరెక్టే, నెమ్మదిగా కోయగల చెయ్యి దొరికితే. కానీ వీరికి హెల్మెట్ ఉందిగా. 6 సెం.మీ. జుట్టు అరగంట హెల్మెట్ కింద చెమటకి తడిసి అణిగితే, తీశాక లోతైన మూల మీద అది నిలవదు. బండి మానేస్తే పాపిట, బండి ఉన్నన్నాళ్ళూ క్రాప్. ముందుకి దువ్వడం చిన్నతనం అనుకునేవాళ్ళకి ఓ ముక్క: జూలియస్ సీజర్ పలచబడిన జుట్టుని నడినెత్తి నుంచి ముందుకి దువ్వుకునేవాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాసి పెట్టాడు. ఈ క్రాపుకి అన్న వరసయ్యే పొట్టి క్రాఫుకి ఇప్పటికీ ఆయన పేరే.

బండిమీదబాబాయ్:

హెల్మెట్ సంగతి నేను చెప్తా. ముందు ఒక భయం తీసేద్దాం: హెల్మెట్ వల్ల నుదుటి మూలలు వెనక్కి పోవు. మగవాళ్ళకి వచ్చే ఈ పలచదనం వంశం నుంచి వచ్చేది, డీహెచ్‌టీ హార్మోను కుదుళ్ళ మీద చేసే పని. హెల్మెట్ పాడుచేసేది దువ్వుకున్న తీరుని మాత్రమే.

తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టొద్దు. ఎలా అణిగితే అలాగే ఆరి గట్టిపడిపోతుంది. ముందు పల్చటి కాటన్ టోపీ పెట్టుకోండి, అదీ వెనక నుంచి ముందుకి లాగుతూ. అలా అయితే జుట్టు ముందుకే పడుకుంటుంది. నుదుటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి లాగారంటే ముందు జుట్టంతా వెనక్కి మడతపడి, ఆఫీసులో దిగేసరికి మూలలు రెండూ బయట. చేరాక వేళ్ళు కొద్దిగా తడి చేసుకుని (చుక్కలు కారేలా కాదు) నడినెత్తి నుంచి ముందుకి నాలుగుసార్లు నలపండి. పొట్టి క్రాప్ అయితే నిమిషంలో లేస్తుంది.

విశాలఫాలం:

అందరికీ థాంక్స్. క్రాప్‌కే వెళ్తున్నా. ఇంకో రెండు: రోజూ పొద్దున్న కొబ్బరినూనె రాసే అలవాటు ఉంది, జెల్ కూడా వాడుతున్నా. కొనసాగించొచ్చా? ఆ మూలల్లో చల్లే హెయిర్ ఫైబర్ పౌడర్ పనికొస్తుందా?

కత్తెరసాము:

నూనె, జెల్ రెండూ ఒకే తప్పు చేస్తాయి: వెంట్రుకల్ని పాయలుగా అంటించి, చర్మాన్ని మెరిపిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద అద్దంలో చూసుకుంటే మీకే తెలుస్తుంది. నూనె మానక్కర్లేదు. రాత్రి రాసుకుని, పొద్దున్న షాంపూతో వదిలించుకోండి.

జెల్ బదులు మెరుపు లేని హెయిర్ క్లే (జుట్టుని నిలబెట్టే ముద్దలాంటి క్రీము). తలస్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. కాస్త తడి ఉండగానే వేళ్ళతో ముందుకి తోస్తూ, డ్రయ్యర్ మధ్యస్థం వేడిలో పెట్టి వెనక నుంచి ముందుకి రెండు నిమిషాలు. పూర్తిగా ఆరాక సెనగగింజంత క్లే తీసుకుని అరచేతుల్లో రుద్దండి, ముద్దలు కనపడకూడదు. నడినెత్తి దగ్గర మొదలుపెట్టి, ముందు జుట్టుకి చివర్లో వేళ్ళకి మిగిలినదే పూయండి. అందరూ చేసే పొరపాటు నుదుటి దగ్గరే మొదలుపెట్టడం. అప్పుడు ఉన్న కాస్త ముందు జుట్టూ మూడు ముళ్ళుగా అతుక్కుని కూర్చుంటుంది. తడి మీద రాసినా అంతే, క్లే పలచబడి జెల్‌లాగే తయారవుతుంది.

ఫైబర్ మీకు వద్దు. ఆ పొడి పట్టుకోవడానికి వెంట్రుక ఉండాలి. నడినెత్తి పలచబడినవాళ్ళకి అద్భుతంగా ఉంటుంది. ఖాళీ మూలలో చల్లితే మసి రాసినట్టే. హెల్మెట్ లోపలి గుడ్డకి అంటుకుని, చెమటతో కలిసి నుదుటి మీదకి కారుతుంది కూడా.

మూడోమిల్లీమీటర్:

మినాక్సిడిల్ (జుట్టు పెరగడానికి మాడుకి రాసే మందు) వాడే ఆలోచన ఉంటే క్లేతో తగువు రాకుండా చూసుకోండి. 5 శాతం ద్రావణం మామూలు మోతాదు రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ., ఆరిన మాడు మీద. ఆరడానికి రెండు నుంచి నాలుగు గంటలు వదిలేయాలి, పైగా జిడ్డు. అందుకే పొద్దున్నది ఎంత తెల్లవారుజామున అయితే అంత మంచిది. మొదటి వారాల్లో రాలడం పెరిగినట్టు అనిపిస్తుంది, చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు. ఫలితం చూడాలంటే కనీసం నాలుగు నెలలు. నడినెత్తి మీద చేసినంత పని మూలల్లో చేయదు. జుట్టు రాలకుండా మింగే ఫినాస్టెరైడ్ మాత్ర మాత్రం డాక్టరు రాసిస్తేనే.

ఇంకా వెనక్కి పోతే ఏంటని ఇప్పుడే చూసుకోండి. మధ్య కుచ్చు వెనకాల కూడా పలచబడి, ముందు ఒక ద్వీపంలా మిగిలిన రోజున క్రాప్ పనిచేయదు. అప్పుడు ఆ కుచ్చుని కాపాడాలని చూడకుండా మొత్తం పొట్టి: పైన 6 మి.మీ., పక్కలు 3. పైనా పక్కలా ఒకే గార్డు తిప్పొద్దు. పక్కలు సహజంగా ఒత్తు కాబట్టి అక్కడ నల్లగా, పైన బూడిదగా కనపడుతుంది. గడ్డం ఉంచేవాళ్ళయితే 5 నుంచి 8 మి.మీ., పొడుగు మొహానికి చుబుకం కింద తక్కువగా. చెంపల దగ్గర జుట్టు గడ్డంలో కలిసిపోయేలా సన్నగా దించాలి.

ఆ పొట్టి క్రాఫు మీకు నప్పుతుందా అన్న అనుమానం ఉంటే, తిరుమలలో తలనీలాలు ఇచ్చే మొక్కేదైనా మిగిలుంటే ఇదే సమయం. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. అంటే గుండు తర్వాత రెండు వారాలకి దాదాపు 5, 6 మి.మీ., అచ్చంగా రెండో నంబరు గార్డు. అద్దంలో చూసుకుని తేల్చుకోవచ్చు. మొదటి వారం చూసి నిర్ణయించుకోవద్దు. అప్పుడు మాడు తెల్లగా, నుదురు ఎండకి నల్లబడి ఉండి రెండూ కలవవు. ఇక గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. కోసిన కొస మొద్దుగా ఉండటం వల్ల గరుగ్గా తగులుతుంది, అంతే. కుదుళ్ళ లెక్క మారదు.

విశాలఫాలం:

మొక్కు ఒకటి బాకీ ఉంది నిజంగానే. ముందు క్రాప్ చేయించి చూస్తా. ఎన్ని వారాలకోసారి వెళ్ళాలి?

కత్తెరసాము:

పక్కలకి మూడు వారాలు. అప్పటికి 3 మి.మీ. కాస్తా ఒక సెంటీమీటరు దాటి, మళ్ళీ పాత తేడా మొదలవుతుంది. పైన ఆరు వారాలకోసారి కోస్తే చాలు. కాబట్టి ఒకసారి వదిలి ఒకసారి "పక్కలు మాత్రమే" అనండి, పైన కత్తెర పెట్టనివ్వకండి. మొదటిసారి నచ్చినట్టు కుదిరితే అక్కడే కుర్చీలో కూర్చుని ముందు, రెండు పక్కలా, వెనక నాలుగు ఫొటోలు తీసుకోండి. ఈసారి కొలతలు చెప్పక్కర్లేదు, ఫోన్ చూపిస్తే చాలు.