మందపాటి రబ్బరు దిమ్మెల పైపొర మెత్తబడుతోంది: గంధకం తగ్గించాలా, వేడి తగ్గించాలా?

యంత్రాల అదురును అణచడానికి వాడే 60 మిల్లీమీటర్ల మందం గల రబ్బరు దిమ్మెలను తయారు చేస్తున్నాను. 100 పాళ్ల సహజ రబ్బరుకు 2.5 పాళ్ల గంధకం, 0.6 పాళ్ల సీబీఎస్ యాక్సిలరేటరు (గంధకం చర్యను వేగిరపరిచే రసాయనం), వీటితో పాటు జింక్ ఆక్సైడు, స్టియరిక్ ఆమ్లం, కార్బన్ బ్లాక్ కలిపి 160 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్రెస్సులో వల్కనీకరణ (గంధకంతో ఉడికించి రబ్బరును బిగువుగా మార్చడం) చేస్తున్నాను. రబ్బరులో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది కాబట్టి, నడిమి భాగం ఉడికేసరికి అచ్చుకు ఆనుకున్న పైపొర అతిగా ఉడికిపోతోంది. దిమ్మెను కోసి చూస్తే నడుమ బిగువుగానే ఉంది. అంచున మాత్రం గోటితో నొక్కితే గుంట పడి, వేలికి కొద్దిగా అంటుకుంటోంది.

ఇది రివర్షన్ (అతిగా ఉడికిన రబ్బరు తిరిగి మెత్తబడటం) అనే నా అనుమానం. గంధకం ఎక్కువగా, యాక్సిలరేటరు తక్కువగా ఉన్నప్పుడు సహజ రబ్బరులోని పాలీఐసోప్రీన్ అణువుల గొలుసుల మధ్య ఏర్పడే పొడవాటి గంధక వంతెనలు అధిక వేడికి తెగిపోతాయి. స్టైరీన్ బ్యూటడయీన్ అనే కృత్రిమ రబ్బరుకు ఈ బెడద తక్కువే (అది అతిగా ఉడికితే సాధారణంగా గట్టిపడుతుంది). అయినా సాగదీసినప్పుడు స్ఫటికీకరణ చెంది చిరుగును అడ్డుకునే గుణం కోసం సహజ రబ్బరునే కొనసాగించాలనుకుంటున్నాను.

గంధకాన్ని 1.2 పాళ్లకు తగ్గించి, యాక్సిలరేటరును 1.8 పాళ్లకు పెంచితే ఏర్పడే పొట్టి వంతెనలు వేడికి నిలుస్తాయి గానీ, నిరంతర కంపనానికి పగుళ్లు త్వరగా వస్తాయేమోనని నా భయం. పాళ్లను కదపకుండా 140 డిగ్రీల వద్ద ఎక్కువసేపు ఉంచడం మేలా? మందపాటి సరుకుతో పనిచేసిన అనుభవజ్ఞులు, ముఖ్యంగా ప్రెస్సులో పెట్టే ముందే ముద్దను వేడిచేసి చూసినవారు, దయచేసి తెలుపగలరు.