సిటీ వాతావరణ స్టేషన్‌లో వేడి ఎక్కువ పెరిగింది, పల్లెలో తక్కువ. దేన్ని నమ్మాలి?

గ్రాఫ్‌పిచ్చి: ఒక సిటీ స్టేషన్, దగ్గర్లోనే పొలాల మధ్య ఉన్న ఇంకోటి, రెండిటి 50 ఏళ్ల టెంపరేచర్ డేటా తీసి ఎక్సెల్‌లో పెట్టా. రెండు గీతలూ పైకే పోతున్నాయి కానీ సిటీది బాగా నిటారుగా ఉంది. మరి గ్లోబల్ వార్మింగ్ అనేదంతా కాంక్రీటు వేడేనా? ఇంకో డౌటు, పల్లె గీత మధ్యలో ఒక ఏడాది ధడేల్మని అర డిగ్రీ కిందకి పడి మళ్లీ అక్కణ్ణుంచి ఎక్కుతోంది, అదేంటో అర్థం కాలా.

తడిబల్బు: సగటు గీస్తే ఏం తెలుస్తుందండీ, మాక్సిమమ్ (రోజులో ఎక్కువ వేడి), మినిమమ్ (రోజులో తక్కువ వేడి) విడివిడిగా గీయండి. గోడలు, తారురోడ్లు పగలంతా వేడి పీల్చుకుని రాత్రంతా మెల్లగా వదుల్తుంటాయి, అందుకే సిటీ తేడా తెల్లవారుజామున, అదీ గాలీ మబ్బూ లేని రాత్రుల్లో బాగా తెలుస్తుంది, మధ్యాహ్నం అంత ఉండదు. ల్యూక్ హోవర్డ్ అనే ఆయన 200 ఏళ్ల కిందటే లండన్ లోపలి రీడింగులూ బయటివీ పక్కపక్కన పెట్టి పట్టుకున్న సంగతే ఇది. పల్లె అనగానే ఏమీ మారలేదనుకోకండి, చుట్టూ ఉన్న మెట్ట పొలాలు నీళ్లు పారే మాగాణిగా మారితే మధ్యాహ్నం వేడి తగ్గుద్ది.

మబ్బులరాజు: వేడిగా ఉండటం వేరు, వేడి పెరుగుతూ పోవటం వేరు బ్రో. లండన్ నడిబొడ్డు 1900 నాటికే కిక్కిరిసిపోయింది, చుట్టుపక్కల పల్లెల కన్నా వెచ్చగానే ఉంటుంది, అయినా ఆ తర్వాత పెరిగిన వేడి రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. ఇంకా కట్టుకుంటూ పోయే సిటీకే గీత నిటారుగా వస్తుంది. సిటీలోంచి పల్లె తీసెయ్, మిగిలింది సుమారుగా కాంక్రీటు వాటా. పల్లె గీత కూడా ఎక్కుతోందన్నావుగా, దానికి ఏ బిల్డింగు కారణం? సముద్రాలూ వేడెక్కాయి, అక్కడ అపార్ట్‌మెంట్లు లేవు మరి.

అడ్డప్రశ్న: సరే కానీ డేటాని సర్దుబాటు చేస్తారంటగా, అంటే పెంచి చూపించడమేగా?

తడిబల్బు: కొన్నిచోట్ల పెంచుతారు, కొన్నిచోట్ల తగ్గిస్తారు. పాతరోజుల్లో ఓడల మీద బకెట్‌తో సముద్రం నీళ్లు తోడి కొలిచేవాళ్లు, పైకి లాగేలోపే అవి చల్లబడేవి, అది సరిచేస్తే పాత లెక్క పైకి జరుగుతుంది కాబట్టి మొత్తం ప్రపంచం ట్రెండ్ తగ్గుద్దే గానీ పెరగదు. గ్రాఫ్‌పిచ్చి గారూ, ఆ అర డిగ్రీ పక్క స్టేషన్లలో కూడా పడిందా? పడకపోతే మారింది వాతావరణం కాదు, స్టేషనే. జాగా మార్చారా, థర్మామీటర్ మార్చారా, రీడింగ్ టైమ్ మార్చారా, హిస్టరీ చూడండి.

గ్రాఫ్‌పిచ్చి: చూశా, పక్క మూడు స్టేషన్లలో ఎక్కడా లేదు. బిల్డింగు గోడ పక్కనున్న, థర్మామీటర్ ఉండే తెల్ల పెట్టెని ఆ ఏడాదే తీసి అవతల గడ్డినేలలో పెట్టారట. మినిమమ్‌లో సిటీ తేడా కొట్టొచ్చినట్టు ఉంది, మాక్సిమమ్ గీతలు దాదాపు జంటగా పోతున్నాయి. కానీ పాత ముక్కని అర డిగ్రీ దించి అతికిస్తే పల్లె గీత ఇంకా నిటారుగా అయిపోతోంది, సిటీ దాకా వచ్చేసింది. అతికించనా, రెండు ముక్కలూ విడిగానే గీయనా?