హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్: అమ్మ దగ్గర ఉంటూ రెండు నెలలు కుదురుతుందా?

టొరంటో_చుక్కాని

అందరికీ నమస్కారం. నాకు 51 ఏళ్ళు, టొరంటోలో ఉంటాను. అయిదేళ్ళుగా ఒంటారియో సరస్సు మీద లేజర్ నడుపుతున్నాను. లేజర్ అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ, పద్నాలుగు అడుగులు ఉంటుంది. మాకు పడవ నీళ్ళలో దింపేదే వేసవిలో, మిగతా ఏడాదంతా దాని కోసం ఎదురుచూడటమే.

ఈసారి జూన్ రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సికింద్రాబాద్‌లో అమ్మ దగ్గర ఉండబోతున్నాను. అమ్మకి 80. ఫిబ్రవరిలో స్నానాల గదిలో జారింది. ఎముకలకేం కాలేదు, ధైర్యమే పోయింది. తనతో ఉండే అన్నయ్యా వదినా కూతురి పురిటికి పుణె వెళ్తున్నారు.

నా ప్రశ్నలు. హుస్సేన్ సాగర్‌లో ఆ నెలల్లో గాలి ఉంటుందా? వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకి మూడు గంటలు అమ్మని వదిలి వెళ్ళడం తప్పా? "తల్లిని చూసుకోడానికొచ్చి పడవ షికార్లా" అని పిన్ని అప్పుడే ఫోన్‌లో అనేసింది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. అదే నాకు భయం.

నల్లకుంట_నాని

ఆ నీళ్ళలోనా అక్కా? ట్యాంక్‌బండ్ మీద బండి ఆపితేనే ముక్కు మూసుకుంటాం. మీ అమ్మగారితో కూర్చుని మామిడిపళ్ళు తినండి, హాయిగా.

మారేడ్‌పల్లి_గాలి

నాని గారూ, జూన్ సగానికొచ్చేసరికి మామిడిపళ్ళ పని అయిపోతుంది. తర్వాత ఏం చెయ్యమంటారు?

మేడమ్, మీరు అడిగిన పనే పోయినేడు నేను చేశాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను. నాకు 59. బ్యాంకు ఉద్యోగం ముందే వదిలేసి నాగపూర్‌లో స్థిరపడ్డాను. అమ్మకి 83. వెస్ట్ మారేడ్‌పల్లిలో పాత ఇల్లు, మొదటి అంతస్తు. ఎప్పుడూ చూసుకునే చెల్లెలు కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తే జూన్, జూలై నా వంతు వచ్చాయి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో నీలం తెరచాప ఎంటర్‌ప్రైజ్ పడవ నడిపాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా తాడు ముట్టుకోలేదు.

ముందు గాలి సంగతి. మేలో వస్తే వద్దనేవాణ్ణి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, అప్పుడు మధ్యాహ్నం దాకా ఆకు కదలదు, సాయంత్రం ఉన్నట్టుండి దుమ్ము లేపుకుంటూ ఈదురుగాలి విరుచుకుపడుతుంది. మృగశిర దాటి వానలు నిలదొక్కుకున్నాక పడమటి గాలి పడుతుంది. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో మీకు గుర్తుండే ఉంటుంది, తలుపులు వాటంతటవే కొట్టుకుంటాయి. పొద్దున నెమ్మది. పదకొండు దాటాక పుంజుకుంటుంది. రెండు నుంచి అయిదు దాకా మంచి జోరు. జూలైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు పెట్టేది ఈ గాలి కోసమే. ఆ వారం చెరువు నిండా లేజర్లే, ఊరికే తిరిగే నాలాంటివాడికి చోటు తక్కువ.

ఒంటారియో మీద మీకు అలవాటైన నిలకడ మాత్రం ఇక్కడ ఆశించకండి. అలలు చిన్నవి, గాలి తుంటరిది. చుట్టూ కట్టడాలు ఉండటంతో నిమిషానికోసారి దిక్కు మారుస్తుంది. గాలి పది నాట్లే (గంటకి దాదాపు పద్దెనిమిది కిలోమీటర్లు) కదా అని కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఒక్క దెబ్బ ఇరవై నాట్లది వచ్చి నీళ్ళలో పడేస్తుంది. లేజర్‌కి ఒకే పడవ, మూడు సైజుల తెరచాపలు కదా: 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. నా 68 కిలోలకి మధ్యదే సరిపోయింది. పెద్దది ఒకరోజు కట్టి చూశాను. ఆ రోజు పడవ మీద కంటే పడవ కిందే ఎక్కువసేపు ఉన్నాను.

గాలి చూసుకోవడానికి చెరువు ఒడ్డున సంజీవయ్య పార్కులో పెద్ద జాతీయ జెండా ఉండనే ఉంది. 2016 జూన్ 2న ఎగరేశారు, స్తంభం 291 అడుగులు. అంత పైన గాలి వేరు, నీటి మీద గాలి వేరు, అయినా దిక్కు తెలుస్తుంది. గాలి మరీ ఎక్కువైతే చిరుగుతుంది, దించేస్తారు. స్తంభం ఖాళీగా కనిపించిన రోజు నేను మారుమాట్లాడకుండా అన్నిటికంటే చిన్న తెరచాప అడిగేవాణ్ణి. ఇంటి దగ్గర నా వాతావరణ కేంద్రం అమ్మే. బాల్కనీ తీగ మీద చీర ఆరేసి, "కొంగు తూర్పుకి కొట్టుకుంటోందిరా, క్లిప్పు ఆగట్లేదు" అనేది. క్లిప్పు ఆగలేదంటే పదిహేను నాట్లు. ఫోన్‌లో చూసేదానికంటే ఎక్కువసార్లు ఇదే నిజమయ్యేది.

ఇక అమ్మ విషయం. మీ అమ్మగారు ఏమీ అనలేదన్నారు. మా అమ్మ అంది. ఆమెకి ఆ చెరువంటే 1990 మార్చి 10. బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే ఒరిగిపోయి మునిగింది, మనుషులు పోయారు. విగ్రహం రెండేళ్ళకి పైగా నీటి అడుగునే ఉంది. 1992లో గానీ చెరువు మధ్యలోని జిబ్రాల్టర్ రాక్ అనే బండ మీద నిలబెట్టలేదు. "అంత బుద్ధుణ్ణే ముంచింది, నువ్వెంతరా?" అంది. దీనికి జవాబేముంది? లైఫ్ జాకెట్ తెచ్చి ఆమె చేతే పట్టీలు బిగించుకున్నాను. చీర కుచ్చిళ్ళు దోపినట్టు గట్టిగా ఒక్క లాగు లాగింది, ఊపిరి ఆడలేదు.

లేజర్ పడటం ప్రమాదం కాదని, రోజూ పడుతుందని, డాగర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్ళలోకి దిగే పలక) మీద నిలబడి బరువేస్తే అదే లేస్తుందని గ్లాసూ చెంచా పెట్టి చూపించాను. అంతా విని, "అయితే రోజుకి ఎన్నిసార్లు పడతావు?" అంది. ఆ రోజు నుంచి అదే మొదటి ప్రశ్న. గోడకి వెంకట్రామా క్యాలెండర్ ఉంటుంది, దాని మీద పాలప్యాకెట్ల లెక్క రాస్తుంది. దాని పక్కనే నా లెక్క కూడా మొదలుపెట్టింది. "పాలు 2, పడటం 4." జూలై చివరికి పాలు రెండే, పడటం ఒకటి, ఒక్కోరోజు సున్నా. సున్నా వచ్చిన రోజు నాకంటే ఆమెకే అనుమానం, "అసలు వెళ్ళావా?" అని.

వేళలు. ఆరున్నరకి కాఫీ, ఎనిమిదికి బీపీ మాత్ర, కంటిచుక్కలు, పన్నెండున్నరకి భోజనం, ఒంటిగంటకి పడక. నేను ఒంటిగంటంబావుకి బయల్దేరేవాణ్ణి. కింద వాటాలో ఉండే టీచరమ్మ దగ్గర ఒక తాళంచెవి. ఆటోలో ఇరవై నిమిషాలు. మొదట్లో అమ్మ లేచేసరికి ఇంట్లో ఉండాలని పంతం పట్టి, గాలి సరిగ్గా అందుకునే వేళకి పడవ ఒడ్డుకి లాగేసి పరిగెత్తుకొచ్చాను. రెండుసార్లు. రెండుసార్లూ ఆమె నిద్రలోనే ఉంది. మూడోసారి అడిగేశాను, నీకు నేను ఎప్పుడు కావాలి అని. "అయిదున్నరకి, టీకి" అంది. అంతే. ఈ మాట నాగపూర్‌లో ఉండగానే అడిగి ఉండాల్సింది.

ఒక్కరోజు మాత్రం తప్పాను. జూన్ చివర్లో పడమట నల్లటి మబ్బు లేచింది. ఇంకొక్క చుట్టు వేద్దామనుకున్నాను. మబ్బు కింది నుంచి వచ్చిన గాలికి పడవ తిరగబడి మాస్టు, అదే తెరచాప స్తంభం, అడుగు బురదలో దిగబడింది, సేఫ్టీ బోటు వచ్చి లాగాల్సి వచ్చింది. తప్పు పూర్తిగా నాదే. ఫోన్ ఒడ్డున సంచిలో ఉంది. ఇంటికొచ్చేసరికి ఏడున్నర. బల్ల మీద రెండు గ్లాసుల్లో టీ, పైన మీగడ కట్టి ఉంది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, పప్పుచారు వేడి చేసింది. పొద్దున చూస్తే క్యాలెండర్ గడిలో పాల లెక్క ఒక్కటే ఉంది. తర్వాత వాటర్‌ప్రూఫ్ సంచి కొని ఫోన్ మెడలో వేసుకున్నాను.

నీళ్ళ గురించి నాని గారు అన్నది అబద్ధం కాదు. కూకట్‌పల్లి నాలా వచ్చి కలిసే చెరువు అది. తొలి వానలకి నాలాల్లోని చెత్తంతా వచ్చి చేరుతుంది, ఆ వారం వెళ్ళకండి. పడేటప్పుడు నోరు మూసుకోండి. కాళ్ళకి దెబ్బలుంటే దిగొద్దు. ఒడ్డుకి రాగానే సబ్బుతో స్నానం, బట్టలు విడిగా ఉతకడం. గుర్రపుడెక్క డాగర్‌బోర్డుకి చుట్టుకుని పడవ ఉన్నట్టుండి బరువెక్కితే, బోర్డు పైకి లాగి దులపండి.

ఇంకొకటి. పడవ అంచు మీద వెనక్కి వాలి కూర్చునే షార్ట్స్ పదిహేను రోజుల్లో అరిగిపోయాయి. అమ్మ పాత ఉషా మిషన్ మీద లోపల దుప్పటి ముక్క పెట్టి కుట్టింది. కొన్న కొత్తవి నాగపూర్‌లో బీరువాలో ఉన్నాయి, ఇప్పటికీ అమ్మ కుట్టినవే వేసుకుంటున్నాను.

రామంతపూర్_కోడలు

పైన రాసినాయన అదృష్టవంతులు. వాళ్ళమ్మగారికి మోకాళ్ళు నొప్పేమో గానీ మతి బాగుంది. మా అత్తగారు పడుకుని లేచాక ఇది తన ఇల్లు కాదని గుమ్మం దాటేస్తారు. అలాంటివాళ్ళని నిద్రపోతున్నారు కదా అని మూడు గంటలు కాదు, పది నిమిషాలు కూడా వదల్లేం. టొరంటో మేడమ్, మీ అమ్మగారు పడ్డారన్నారు. రాగానే పడవ దగ్గరికి పోకండి. మొదటి వారం మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండి, లేచాక బాత్‌రూమ్‌కి ఎలా వెళ్తున్నారో గమనించండి. గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించండి, నేల మీద తడి లేకుండా చూడండి. మనిషిని పెట్టుకోగలిగితే ఆ మూడు గంటలకి పెట్టుకోండి. మీ పిన్నిగారికే ఆ డ్యూటీ వేసినా బాగుంటుంది.

కాకినాడ_పైరగాలి

చెరువులో గాలికి ఇంత చర్చేంటండీ బాబూ! మా ఊళ్ళో మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి పైరగాలి అదే వచ్చేస్తుందండి, జెండాలూ అక్కర్లేదు, క్లిప్పులూ అక్కర్లేదు. హోప్ ఐలాండ్ అడ్డం ఉండబట్టి అలలు కూడా తక్కువే. సర్లెండి, అమ్మగారెక్కడుంటే అక్కడే కదా. టీచరమ్మకి తాళంచెవి ఇచ్చారు చూడండి, అది నచ్చిందండి నాకు.

టొరంటో_చుక్కాని

అందరికీ థాంక్స్. వచ్చి పద్దెనిమిది రోజులైంది, ఎలా ఉందో చెబుదామని రాస్తున్నాను.

రామంతపూర్ మేడమ్ చెప్పినట్టే మొదటి వారం కదల్లేదు. మంచిదైంది. అమ్మ రాత్రిళ్ళు లైటు వెయ్యకుండా గోడ తడుముకుంటూ బాత్‌రూమ్‌కి వెళ్తోందని అప్పుడే తెలిసింది. కరెంటు ఖర్చట! కడ్డీ పెట్టించాను, మనిషి వస్తే దానంతటదే వెలిగే లైటు పెట్టించాను.

తర్వాత అయిదుసార్లు నీళ్ళ మీదికి వెళ్ళాను. మారేడ్‌పల్లి గారూ, తుంటరి అన్నారు, చాలా మర్యాదగా చెప్పారు. మొదటి రోజు ఏడుసార్లు పడ్డాను. టొరంటోలో ఒక వేసవి మొత్తం అన్నిసార్లు పడలేదు. రెండోరోజు పట్టుబడింది: అక్కడిలా ఒకే దారిన దూరం పోకుండా, గాలి కాస్త తిరగ్గానే టాక్ కొట్టేయాలి, అంటే పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పి అవతలి వైపుకి మళ్ళించాలి. మధ్యలో కాసేపు తాడు వదిలేసి ఊరికే తేలుతూ కూర్చుంటే ఒకవైపు సెక్రటేరియట్ గుమ్మటాలు, ఒకవైపు బుద్ధుడు. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని ఒడ్డునుంచి చూసిన చెరువు, మధ్యలో కూర్చుని చూస్తే ఊరే కొత్తగా ఉంది.

మీ ప్రశ్న అమ్మని అడిగాను, నేను ఎప్పుడు ఉండాలి అని. "రాత్రి పడుకునేముందు కాళ్ళకి నూనె రాసేటప్పుడు" అంది. టీ తనే పెట్టుకుంటుందట, ఎవరు పెట్టినా నచ్చదు.

పిన్ని మొన్న మధ్యాహ్నం ఇంటికొచ్చింది, సరిగ్గా నేను సంచి తగిలించుకుంటుంటే. నేను నోరు తెరిచేలోపు అమ్మ అంది, "దానికి రెండు నుంచి అయిదు దాకా డ్యూటీ. నువ్వు కూర్చో, మజ్జిగ తాగుదువుగానీ." పిన్ని నేనొచ్చేదాకా ఉంది. ఇద్దరూ అష్టాచమ్మా ఆడుతున్నారు.

ఇప్పుడు కొత్త సమస్య. ఆదివారం అమ్మ ఒడ్డుకి వచ్చి చూస్తానంటోంది. అన్ని తెరచాపలూ తెల్లవే, నేనెవరో ఎలా తెలుస్తుందని పాత ఎర్ర జాకెట్ గుడ్డ చించి ఇచ్చింది. మాస్టు కొసన కట్టాను. ఎక్కడ కూర్చోబెడితే బాగుంటుంది?

మారేడ్‌పల్లి_గాలి

నెక్లెస్ రోడ్డు వైపు. పడమటి గాలికి ఆ ఒడ్డునే వాసన ఉండదు, అంతా ట్యాంక్‌బండ్ మీది వాళ్ళకి పోతుంది. కుర్చీ ఇంటి నుంచి పట్టుకెళ్ళండి, చేతులున్నది, లేవడానికి పట్టు ఉంటుంది. నాలుగింటికల్లా వెళ్తే చెట్టునీడ దొరుకుతుంది. ఇంకో మాట, ఆమెకి దగ్గర్లో పడండి. దూరంగా పడితే కంగారు పడతారు.