వైఫై స్కాన్ ఆలస్యం: అక్కర్లేని ప్రోబ్ రెస్పాన్స్‌లను తగ్గించేదెలా?

గోడౌన్_నెట్

అందరికీ నమస్తే. గోడౌన్‌లో లైనక్స్ హ్యాండ్‌హెల్డ్ స్కానర్లు ఒక ఏపీ (యాక్సెస్ పాయింట్, వైఫై ఇచ్చే పెట్టె) నుంచి ఇంకో ఏపీకి మారేటప్పుడు 3 సెకన్లకు పైగా ఆగిపోతున్నాయి. లాగ్ చూస్తే ఆథెంటికేషన్‌కి పట్టే టైము చాలా తక్కువ, ఆలస్యమంతా స్కాన్ (చుట్టూ ఉన్న ఏపీల కోసం ఛానెళ్లన్నీ వెతకడం) దగ్గరే. ఏపీలన్నీ హోస్ట్‌ఏపీడీ (లైనక్స్‌లో ఏపీని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 36, 40, 44, 48. ఒక్కో ఏపీలో నాలుగు ఎస్‌ఎస్‌ఐడీలు (వైఫై పేర్లు).

ఛానెల్ 6 మీద క్యాప్చర్ (గాలిలో వెళ్లే ప్యాకెట్ల రికార్డు) తీస్తే ఐదు ఏపీలు వినిపిస్తున్నాయి. స్కానర్ ఒక్క బ్రాడ్‌కాస్ట్ ప్రోబ్ రిక్వెస్ట్ (ఎవరున్నారని అందరినీ అడిగే ఫ్రేము) పంపగానే 20 రెస్పాన్స్‌లు బయల్దేరుతున్నాయి. వాటిలో సగానికి పైగా రిట్రై బిట్‌తో (మళ్లీ పంపినవన్న గుర్తుతో) ఉన్నాయి. వీటిని ఎలా తగ్గించాలి? మూడు ఎస్‌ఎస్‌ఐడీలను హైడ్ చేస్తే సరిపోతుందా?

రూటర్_బాబాయ్

హైడ్ చేయకండి. ఎందుకో కింద చెబుతాను. ముందు లెక్క చూడండి, రోగం ఎక్కడుందో అందులోనే తెలిసిపోతుంది.

మీ క్యాప్చర్‌లో ప్రోబ్ రెస్పాన్స్‌ల డేటా రేటు చూడండి. 1 ఎంబీపీఎస్ అయితే, 300 బైట్ల ఫ్రేముకి ప్రియాంబుల్‌తో (ఫ్రేము ముందు వచ్చే సంకేతంతో) కలిపి దాదాపు 2.6 మిల్లీసెకన్లు, ఆపైన ఏసీకేకి (అందిందని తిరిగి పంపే చిన్న ఫ్రేముకి) 0.3. మధ్యలో ఆగే వ్యవధులు కూడా కలిపితే ఒక్కో జవాబుకి 3 మిల్లీసెకన్లు పైనే. 20 జవాబులంటే 60. లైనక్స్ మ్యాక్80211 (కెర్నెల్‌లోని వైఫై భాగం) సాఫ్ట్‌వేర్ స్కాన్ మాత్రం ప్రోబ్ పంపాక ఆ ఛానెల్‌లో సుమారు 30 మిల్లీసెకన్లే ఆగుతుంది. అంటే సగం జవాబులు వచ్చేసరికే స్కానర్ వెళ్లిపోతుంది.

అసలు నష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. ప్రోబ్ రెస్పాన్స్ యూనికాస్ట్ (ఒక్క పరికరానికే పంపే) ఫ్రేము కాబట్టి ఏసీకే రాకపోతే ఏపీ సాధారణంగా మళ్లీ పంపుతుంది, రిట్రై లిమిట్ దాకా పంపుతూనే ఉంటుంది. వినేవాడు లేని ఆ ఫ్రేములే ఛానెల్‌ని ఆక్రమిస్తాయి. ఈలోగా ఇంకో స్కానర్ వచ్చి ప్రోబ్ పంపితే దానికి రావలసిన జవాబులు వీటి వెనక క్యూలో పడతాయి. మీకు కనిపించిన రిట్రై బిట్లు ఇవే.

కాబట్టి మొదట రేట్లు మార్చండి. హోస్ట్‌ఏపీడీ కాన్ఫిగ్‌లో 'సపోర్టెడ్ రేట్స్' లైనులో 60 90 120 180 240 360 480 540, 'బేసిక్ రేట్స్' లైనులో 60 120 240 ఇవ్వండి (యూనిట్ 100 కేబీపీఎస్, అంటే 60 అంటే 6 ఎంబీపీఎస్). అదే ఫ్రేము 6 ఎంబీపీఎస్‌లో ఏసీకేతో సహా 0.6 మిల్లీసెకన్లలో అయిపోతుంది. 20 జవాబులకి 12, అంటే 30 లోపే. బీకన్లు (ఏపీ తానున్నానని తరచూ పంపే ఫ్రేములు) ఆక్రమించే టైము కూడా ఇదే దామాషాలో తగ్గుతుంది. అయితే 802.11బీ మాత్రమే తెలిసిన పాత పరికరం ఒక్కటున్నా అది ఇక కనెక్ట్ కాదు. బీకన్లు అందే దూరం కూడా తగ్గుతుంది. అంచుల్లో ఒకసారి నడిచి చూసుకోండి.

తర్వాత ఎస్‌ఎస్‌ఐడీల సంఖ్య. నాలుగుని రెండు చేస్తే జవాబులు సగమవుతాయి. విడివిడి వీల్యాన్‌ల (ఒకే వైరు మీద వేరుచేసిన నెట్‌వర్క్‌ల) కోసమే నాలుగు పెట్టి ఉంటే, ఒకే ఎస్‌ఎస్‌ఐడీ మీద రేడియస్ (లాగిన్ తనిఖీ చేసే సర్వర్) ద్వారా వీల్యాన్ కేటాయించడం మేలు.

ఇక హైడ్ సంగతి. హిడెన్ ఎస్‌ఎస్‌ఐడీ బ్రాడ్‌కాస్ట్ ప్రోబ్‌కి జవాబివ్వదు, నిజమే. కానీ దాని బీకన్లు ఆగవు, పేరు మాత్రమే ఖాళీగా ఉంటుంది. పైగా ఆ నెట్‌వర్క్ సేవ్ చేసుకున్న ప్రతి పరికరమూ వెళ్లిన ప్రతి ఛానెల్‌లో ఆ పేరుతో విడిగా ప్రోబ్ పంపాల్సి వస్తుంది. జవాబులు తగ్గించబోయి రిక్వెస్ట్‌లు పెంచుకున్నట్టు అవుతుంది.

ప్యాకెట్_వేట

బాబాయ్ గారు చెప్పిన రేట్ల మార్పు అయ్యాకే నేను చెప్పేది చేయండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

హోస్ట్‌ఏపీడీలో 'ఆర్‌ఎస్‌ఎస్‌ఐ ఇగ్నోర్ ప్రోబ్ రిక్వెస్ట్' అని ఒక సెట్టింగ్ ఉంది (ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అంటే అందిన సిగ్నల్ బలం; పదాల మధ్య అండర్‌స్కోర్‌లతో రాయాలి). ఇచ్చిన విలువ కంటే బలహీనంగా వినిపించిన ప్రోబ్‌కి ఏపీ జవాబివ్వదు. -60 నుంచి -90 డీబీఎం వరకు ఇవ్వొచ్చు. మీరు -80తో మొదలుపెట్టండి. -70 దాకా లాగితే ఇబ్బందే: స్కానర్ ట్రాన్స్‌మిట్ పవర్ సాధారణంగా ఏపీ కంటే తక్కువ కాబట్టి స్కానర్‌కి ఏపీ బాగానే వినిపిస్తుంటుంది, ఏపీకి స్కానర్ బలహీనంగా వినిపిస్తుంది. బీకన్ చూసి చేరబోయే పరికరం ముందుగా ఒక ప్రోబ్ పంపి చూసే రకమైతే, జవాబు రాక అక్కడే ఆగిపోతుంది. నెట్‌వర్క్ కనిపిస్తోంది గానీ కనెక్ట్ కావట్లేదు అనే ఫిర్యాదు వస్తే ముందు ఈ విలువే చూడండి.

ఇంకో సంగతి. 2.4లో ఛానెళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి కదా, స్కానర్ ఛానెల్ 4లో పంపిన ప్రోబ్‌ని 6లోని ఏపీ కూడా వినగలదు. అందుకే ప్రోబ్ రిక్వెస్ట్‌లో డీఎస్ పారామీటర్ ఎలిమెంట్ ఉంటుంది, పంపిన ఛానెల్ నంబరు అందులో ఉంటుంది. నంబరు కలవకపోతే హోస్ట్‌ఏపీడీ తానే జవాబు మానేస్తుంది. మీ స్కానర్ ఆ ఎలిమెంట్ పెడుతోందో లేదో క్యాప్చర్‌లో చూడండి. పెట్టకపోతే పక్క ఛానెల్ ఏపీలన్నీ పలుకుతాయి.

బ్యాండ్ స్టీరింగ్ (పరికరాలను 5 గిగాహెర్ట్జ్ వైపు మళ్లించడం) ఉంటే జాగ్రత్త. మొదటి కొన్ని ప్రోబ్‌లను పట్టించుకోకుండా వదిలేసే పద్ధతి మ్యాక్ అడ్రస్‌ని (పరికరం వైఫై చిరునామాని) బట్టి లెక్కపెడుతుంది. స్కాన్‌కో కొత్త మ్యాక్ వాడే పరికరానికి ఆ లెక్క ఎప్పటికీ పూర్తి కాదు.

కొన్ని చిప్‌లలో ప్రోబ్‌కి జవాబు ఫర్మ్‌వేరే ఇచ్చేస్తుంది. అప్పుడు హోస్ట్‌ఏపీడీలో ఏ హద్దు పెట్టినా ఫలితం ఉండదు. సెట్టింగ్ మార్చాక మళ్లీ క్యాప్చర్ తీయండి. వైర్‌షార్క్‌లో (క్యాప్చర్ చదివే ప్రోగ్రాం) సబ్‌టైప్ 4 ప్రోబ్ రిక్వెస్ట్, 5 రెస్పాన్స్. 5 ఉన్న ఫ్రేముల్లో రిట్రై బిట్ ఉన్నవెన్ని అన్నదే మీకు కొలమానం.

గోడౌన్_నెట్

ఇద్దరికీ ధన్యవాదాలు. జవాబులు నిజంగానే 1 ఎంబీపీఎస్‌లో వెళ్తున్నాయి. 802.11బీ పరికరాలు లేవు కాబట్టి రేట్లు ఈ రాత్రే మారుస్తాను. ఒక సందేహం: జవాబులు తగ్గినంత మాత్రాన 3 సెకన్ల స్కాన్ చిన్నదవుతుందా?

తరంగిణి

కాదండీ, ఈ రెండింటినీ విడదీసి చూడాలి. జవాబులు తగ్గితే ఒక్క స్కాన్‌లోనే ఏపీలన్నీ దొరుకుతాయి, మళ్లీ స్కాన్ చేయాల్సిన పని తప్పుతుంది. కానీ ఒక్కో స్కాన్ నిడివి మాత్రం ఎన్ని ఛానెళ్లు తిరుగుతుందన్న దాన్ని బట్టే.

మ్యాక్80211 ఛానెల్‌కి వెళ్లాక ప్రోబ్ పంపడానికి ముందు సుమారు 30, పంపాక మరో 30 మిల్లీసెకన్లు ఆగుతుంది. ప్రోబ్ పంపకూడని డీఎఫ్‌ఎస్ (రాడార్‌తో పంచుకునే) ఛానెల్ అయితే బీకన్ కోసం సుమారు 110 ఆగాలి, ఎందుకంటే బీకన్ విరామం 102.4. ఇప్పుడు లెక్కేయండి: 2.4లో 13 ఛానెళ్లు, 5లో మామూలువి 9, కలిపి 22 ఇంటూ 60. డీఎఫ్‌ఎస్‌వి 16 ఇంటూ 110. మొత్తం 3 సెకన్లు దాటుతుంది. మీరు చెప్పిన అంకె అదే.

మీ ఏపీలున్నవి ఏడు ఛానెళ్లే. స్కానర్‌లోని డబ్ల్యూపీఏ సప్లికెంట్ (వైఫైకి కలిపే ప్రోగ్రాం) కాన్ఫిగ్‌లో ఆ నెట్‌వర్క్ బ్లాక్ లోపల 'స్కాన్ ఫ్రీక్' లైనులో 2412 2437 2462 5180 5200 5220 5240 ఇవ్వండి (ఆ ఛానెళ్ల ఫ్రీక్వెన్సీలు, మెగాహెర్ట్జ్‌లో). ఏడు ఇంటూ 60 అంటే 420 మిల్లీసెకన్లు. స్కాన్‌ని ఫర్మ్‌వేర్ చూసుకునే చిప్‌లలో ఈ టైములు మారతాయి గానీ, ఛానెళ్ల జాబితా కుదించడం ఎక్కడైనా పనిచేస్తుంది. రేపు ఏపీ ఛానెల్ మారిస్తే ఈ లైను కూడా మార్చాలి, లేకపోతే స్కానర్‌కి ఆ ఏపీ కనిపించదు. ఆటో ఛానెల్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆపండి.

ముందుముందు పరికరాలు కొనేటప్పుడు 2016లో వచ్చిన 802.11ఏఐ (త్వరగా కనెక్ట్ కావడానికి వచ్చిన వైఫై ప్రమాణం) తరహా సదుపాయాలున్నాయా అని చూడండి. అందులో క్లయింట్ ఆ ఛానెల్‌లో ఎంతసేపు ఉంటుందో రిక్వెస్ట్‌లోనే చెప్పగలదు, ఎంత బలంగా వినిపిస్తే జవాబివ్వాలో కూడా చెప్పగలదు. రెస్పాన్స్‌ని బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌కి పంపే వీలుంది. దానికి ఏసీకే ఉండదు కాబట్టి రిట్రైలూ ఉండవు, ఒకే జవాబుని పక్కనున్న పరికరాలూ వాడుకుంటాయి. 6 గిగాహెర్ట్జ్ ఇదే దారిలో వెళ్లింది. అక్కడ 20 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు 59 ఉన్నా ప్రోబ్ చేయడానికి ప్రత్యేకించినవి 15 మాత్రమే. 2.4, 5 బీకన్లలోని రెడ్యూస్డ్ నైబర్ రిపోర్ట్ (పక్క ఏపీల జాబితా) చూస్తే 6లోని ఏపీ ఏ ఛానెల్‌లో ఉందో వెతక్కుండానే తెలుస్తుంది.

రూటర్_బాబాయ్

తరంగిణి గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. నాలుగు ఎస్‌ఎస్‌ఐడీలు తప్పనిసరి అయితే మల్టిపుల్ బీఎస్‌ఎస్‌ఐడీ సదుపాయం వాడొచ్చని ఎవరైనా చెబుతారు. నాలుగింటికీ కలిపి ఒకటే బీకన్, ఒకటే రెస్పాన్స్ వెళ్తుంది. 6 గిగాహెర్ట్జ్‌లో అది సరైనదే. 2.4, 5లో మాత్రం పాత క్లయింట్లకి ఆ ఎలిమెంట్ చదవడం రాక మొదటి ఎస్‌ఎస్‌ఐడీ ఒక్కటే కనిపిస్తుంది. ఒక ఏపీలో పెట్టి, మీ దగ్గరున్న ప్రతి మోడల్ స్కానర్‌తోనూ నాలుగూ కనిపిస్తున్నాయో లేదో చూశాకే మిగతా వాటిలో పెట్టండి.